తిరునాళ్ళ నుండి ఇంటికి వచ్చిన బంగారు చేప

తిరునాళ్ళకు పోయిన పిల్లవాడు రింగులాటలో గెలిచి ఒక చిన్న ప్లాస్టిక్ సంచితో ఇంటికి వచ్చును. సంచిలో గ్లాసెడు నీరు, ఆ నీటిలో వ్రేలెడంత బంగారు చేప. చేపను తెచ్చుటకు ముందు ఇంటిలో ఎవరును దానిని గూర్చి ఆలోచించియుండలేదు; ఉంచుటకు తొట్టి లేదు, పెట్టుటకు మేత లేదు. తల్లి ఒక చెంబులో నీరు పోసి దానిని వదలును. పిల్లలందరును చుట్టు చేరి అన్నము మెతుకులు వేయుదురు. మూడవ నాటికి చేప వెల్లకిల తేలును. బంగారు చేపలు సుకుమారములనియు, వాటి ఆయువే అంతయనియు పెద్దలు పిల్లవానిని ఓదార్తురు.

ఈ ఓదార్పు మాట నిజము కాదు. బంగారు చేప సాధారణముగా పది, పదునైదు సంవత్సరములు బ్రతుకగలదు. ఇంగ్లండులోని యార్క్‌షైరులో 1956లో ఒక సంతలో బహుమానముగా దొరికిన టిష్ అను బంగారు చేప 43 సంవత్సరములు జీవించి 1999లో మరణించినది. అదియు మన పిల్లవాని చేప వలెనే ఎవరును ఎదురుచూడకుండ ఇంటికి వచ్చినదే. కనుక మూడు దినములలో చచ్చు చేప ఆయువు తీరి చచ్చుటలేదు. మనకు తెలియక మనము చేయు పనుల వలన చచ్చుచున్నది.

ఇంత చిన్న ప్రాణి సంగతి పంచాయతీ సభ్యులకు ఎందుకని కొందరు అడుగవచ్చును. తిరునాళ్ళలో దుకాణములకు స్థలమిచ్చి ఆశీలు వసూలు చేయునది పెక్కుచోట్ల పంచాయతీయే. పాఠశాలకును, అంగన్‌వాడీకిని ఎవరైన చేపలను బహూకరించినపుడు వాటి యోగక్షేమము గూర్చి మాట వచ్చునది సభ్యుల యొద్దకే. పెంచలేని చేపను కడకు తెచ్చి వదలునది ఊరి చెరువులోనే. కావున ఈ విషయమును సభ్యులు తెలిసికొని పదిమందికి చెప్పుట అవసరమని మేము తలచుచున్నాము.

మేము చూచిన ఒక పాఠశాల

కొంతకాలము క్రిందట మేమొక గ్రామమునకు పోయియుంటిమి. అచ్చటి పాఠశాలకు ఒక అతిథి రెండు బంగారు చేపలను ఇరుకు మూతి గల గాజు కూజాలో పెట్టి ఇచ్చి వెళ్ళెను. పిల్లలు వంతులు వేసికొని మేత వేసిరి. ఒక్కొక్కరు తమ వంతుకు కొంచెము ఎక్కువగనే వేసిరి. నాలుగవనాడు నీరు మసకబారెను. ఉపాధ్యాయుడు ఆ సాయంకాలము పాతనీటినంతయు పారబోసి, కూజాను సబ్బుతో శుభ్రముగా కడిగించి, కుళాయి నీటితో నింపించెను. తెల్లవారునప్పటికి రెండు చేపలును చనిపోయెను. మేతవేయు వంతు ఆనాడు తనదని ఒక బాలిక, తాను చాలినంత మేత వేయలేదేమోయని, చాలసేపు ఏడ్చెను.

ఆ బాలిక చేసిన తప్పేమియు లేదు. ఉపాధ్యాయుడు ఉద్దేశించినదియు మంచియే. అయితే ఇరుకు కూజా, అధికమైన మేత, నీటినంతయు ఒక్కసారి మార్చుట, సబ్బు, కుళాయి నీటిలోని క్లోరిన్ — ఈ ఐదింటిలో ఒక్కొక్కటియు చేపకు హానికరమే. ఐదును ఒకచోట చేరినవి.

చేప ఎందుకు చచ్చును?

బంగారు చేప మన బొచ్చె, శీలావతి చేపలున్న కుటుంబమునకు చెందినదే. వేయి సంవత్సరముల క్రిందట చైనాలో సాధారణపు రంగుగల చేపలలో పసుపు, ఎరుపు రంగులతో పుట్టినవానిని ఏరి కొలనులలో పెంచిరి. అట్లు తరతరములుగా ఎన్నిక చేయుట వలన నేటి బంగారు చేప ఏర్పడినది. ఇది కొలనులో తిరుగవలసిన చేప. చక్కగా పెంచినచో జానెడు, అంతకు మించియు పెరుగును. గాజు గిన్నెలో ఇముడునంత చిన్నగా ఉండుట దాని స్వభావము కాదు.

చేప నీటిలో కరిగియున్న ప్రాణవాయువును మొప్పలతో తీసికొనును. 20 డిగ్రీల చల్లని నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగగలదు. 30 డిగ్రీల నీటిలో సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే కరుగును. నీరు వేడెక్కుకొలది చేపకు ప్రాణవాయువు ఎక్కువ కావలెను. నీటిలో ఉండునది తక్కువ. మన వేసవిలో చేపలు త్వరగా ఊపిరాడక బాధపడుటకు ఇదియే కారణము. ప్రాణవాయువు గాలినుండి నీటి పైభాగము ద్వారా లోనికి దిగును గనుక, ఇరుకుమూతి కూజాకన్న వెడల్పైన తొట్టి మేలు.

రెండవది విషము. చేప తాను విసర్జించు మలినములో అధికభాగమును అమోనియా రూపమున మొప్పల ద్వారా నీటిలోనికి విడుచును. మిగిలిన మేత కుళ్ళినను అమోనియాయే పుట్టును. ఇది నీటిలో పెరిగినకొలది చేప మొప్పలను కాల్చును. చెరువులో కొన్ని సూక్ష్మజీవులు ఈ అమోనియాను నైట్రైటుగను, దానిని మరల నైట్రేటుగను మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు చాల తక్కువ హాని గలది. క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు ఉండవు. అవి తొట్టి గోడల మీదను, గులకరాళ్ళ మీదను కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంతవరకు ఆ పనిని మనమే నీరు మార్చుటద్వారా చేయవలెను. ఈ ఒక్క సంగతిని గ్రహించినచో తక్కిన జాగ్రత్తలన్నియు వాటంతట అవే తెలియును.

మొదటి గంటలో చేయవలసిన పనులు

చేప ఇంటికి వచ్చిన వెంటనే సంచిని ఎండ తగలని చోట ఉంచవలెను. పిల్లలు దానిని పట్టుకొని ఊపుచుండనీయరాదు. పిమ్మట పాత్రను వెదకవలెను. ఒక చిన్న చేపకు తాత్కాలికముగనైనను 20 లేక 30 లీటర్ల వెడల్పైన పాత్ర ఉండవలెను. ప్లాస్టిక్ తొట్టి, మట్టి గోలెము తగినవి. రాగి బిందెలు, ఇత్తడి గంగాళములు పనికిరావు. రాగి నీటిలో కొంచెము కరిగినను చేపకు విషమగును. క్రొత్తగా కట్టిన సిమెంటు తొట్టియు పనికిరాదు. అందులోని సున్నము నీటిలో దిగును. పాత్రను సబ్బుతో గాక ఉప్పుతో తోమి, పలుమార్లు మంచినీటితో కడుగవలెను. పురుగుమందులు కలిపిన బకెట్లను ఎంత కడిగినను వాడరాదు.

తరువాత నీరు. రక్షిత మంచినీటి పథకపు కుళాయి నీటిలో రోగక్రిములను చంపుటకు క్లోరిన్ కలుపుదురు. కుళాయివద్ద లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రామైనను మిగిలియుండవలెనని ప్రమాణము. మనకు మేలు చేయు ఆ క్లోరినే చేప మొప్పలకు కీడు చేయును. కుళాయి నీటిని వెడల్పైన పాత్రలో మూత లేకుండ ఒక పగలు, ఒక రాత్రి ఉంచినచో బ్లీచింగ్ పౌడరు వలన వచ్చిన క్లోరిన్ గాలిలోనికి పోవును. అంత వ్యవధి లేనపుడు అలంకారపు చేపల దుకాణములలో దొరకు హైపో పలుకును గోధుమగింజంత ఒక బకెట్ నీటిలో కరిగించినచో క్లోరిన్ వెంటనే విరుగును.

అప్పటికప్పుడు కావలసినచో బావినీరు లేక బోరునీరు మేలు. అయితే బావిలో క్రొత్తగా బ్లీచింగ్ పౌడరు వేసియుండరాదు. లోతునుండి వచ్చిన బోరునీటిలో ప్రాణవాయువు చాల తక్కువగా ఉండును. కావున దానిని రెండు బకెట్ల నడుమ ఎత్తునుండి ఇరువది ముప్పది మారులు తిరుగబోసి, వేడి చల్లారిన పిదప వాడవలెను. డబ్బాలలో కొను శుద్ధిచేసిన నీటిలో లవణములు చాలవరకు తీసివేయబడియుండును. అది ఒక్కటియే చేపకు తగినది కాదు.

ఇపుడు చేపను దించవలెను. సంచిని విప్పకుండ పదునైదు నిమిషములు తొట్టి నీటిమీద తేలనిచ్చినచో లోపలి వేడియు వెలుపలి వేడియు సమానమగును. ఆ తరువాత మూతి విప్పి, తొట్టి నీటిని అరగ్లాసు చొప్పున మూడు నాలుగు మారులు, నడుమ మూడేసి నిమిషములు ఆగి, సంచిలో పోయవలెను. ఇందుకు అరగంట మించరాదు. మూసిన సంచిలో చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు వలన నీరు కొంచెము పులిసి అమోనియా తీక్ష్ణత తగ్గియుండును. మూతి విప్పగనే ఆ వాయువు పోయి, అమోనియా తీక్ష్ణత హెచ్చును. అందుచే ఆలస్యము చేయక, చేపను మెత్తని వలతోగాని, తడిపిన చేతులతోగాని తొట్టిలోనికి దించి, సంచి నీటిని వెలుపల పారబోయవలెను. పొడిచేతితో పట్టినచో చేప ఒంటిమీది జిగురుపొర చెదరి రోగములకు దారి తీయును.

తొట్టిని నీడలో, సందడి లేని చోట ఉంచి, పైన వల కప్పవలెను. పిల్లులు, కాకులు మాత్రమే గాక, భయపడిన చేప తానే ఎగిరి వెలుపల పడుట కద్దు.

మొదటి నెల

మొదటిరోజు మేత వేయరాదు. ఈ మాట పిల్లలకు కఠినముగా తోచును గాని, బెదరిన చేప తినదు. వేసిన మేత కుళ్ళి విషమగును. మరునాటినుండి దినమునకు ఒకమారు, రెండు నిమిషములలో తిని ముగించునంత చిటికెడు మేత చాలును. బంగారు చేపకు వేరుగా కడుపుసంచి లేదు. తిన్నది నేరుగా ప్రేవులలోనికి పోవును. అందుచే ఎంత తిన్నను అది మరల వెదకుచునే ఉండును. ఆ వెదకులాటను చూచి ఆకలియని భ్రమపడరాదు. అన్నము, రొట్టె, బిస్కత్తులు వేయరాదు. చేపల మేత దొరకనపుడు ఉడికించి తొక్క తీసిన పచ్చిబఠాణీ నలిపి వేయవచ్చును. పశువుల మేతకై అజొల్లా పెంచు రైతులున్న గ్రామములలో దానిని కొంచెము కడిగి వేసినచో చేప ఇష్టముగా తినును. అయితే అజొల్లా నీటిమీద అంతటను పరచుకొని గాలిని అడ్డగించునంతగా వేయరాదు.

మొదటి నెలరోజులు ప్రతిదినము తొట్టినీటిలో మూడవవంతు తీసివేసి, క్లోరిన్ పోయిన నీటిని, తొట్టి నీటితో సమానమైన వేడి గలదానిని, మెల్లగా పోయవలెను. నీరు తేటగా ఉన్నను ఈ పని మానరాదు. అమోనియా కంటికి కనబడదు. నీటినంతయు ఒక్కమారు మార్చుట ఎన్నడును తగదు. ఇదివరకే చేపలు చక్కగా బ్రతుకుచున్న తొట్టినుండి గుప్పెడు గులకరాళ్ళు తెచ్చి వేసికొన్నచో మేలుచేయు సూక్ష్మజీవులు వానితో కూడ వచ్చి త్వరగా వృద్ధియగును. అయితే ఆ తొట్టిలో రోగము లేదని ముందు విచారించుకొనవలెను.

లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున రాళ్ళుప్పు వేరుగా కరిగించి కలుపుట మొదటి వారములలో ఉపకరించును. ఉప్పులోని క్లోరైడు నైట్రైటు విషము మొప్పలగుండ లోనికి పోకుండ కొంతవరకు అడ్డుకొనును. నీరు ఆవిరియైనను ఉప్పు తొట్టిలోనే నిలుచును. కనుక మరల ఉప్పు వేయునపుడు, తీసివేసి మార్చిన నీటికి సరిపడునంత మాత్రమే వేయవలెను.

అపాయ సూచనలు

చేప నీటిపైకి వచ్చి నోరు తెరచి గాలికై తపించుచున్నచో ప్రాణవాయువు తగ్గినదనిగాని, అమోనియా లేక నైట్రైటు హెచ్చినదనిగాని తెలిసికొనవలెను. కారణమేదైనను మొదటి చికిత్స ఒక్కటే: మేత ఆపి, సగము నీరు మార్చి, చెంబుతో తొట్టి నీటినే ముంచి మూరెడు ఎత్తునుండి కొంతసేపు పోయుచుండవలెను. గాలియంత్రము ఉన్న చోట కరెంటు పోయినపుడును అరగంటకొకమారు ఇట్లే చేయవచ్చును.

రెక్కలలో ఎర్రని చారలు కనబడుట, రెక్కలు ముడుచుకొని అడుగున కదలక ఉండుట నీరు చెడినదనుటకు గుర్తులు. ఒంటిమీద ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు లేచుట ఒక పరాన్నజీవి వలన కలుగు అంటురోగము. అట్టి చేపను వేరుచేసి, మత్స్యశాఖ సిబ్బందినిగాని, పశువైద్యునిగాని సలహా అడుగవలెను. మనుష్యులకై ఇంట దాచిన మాత్రలను నీటిలో వేయుట ప్రమాదకరము. అవి మేలుచేయు సూక్ష్మజీవులను కూడ చంపవచ్చును. వేసవిలో మట్టి గోలెము చుట్టు తడిపిన గోనెపట్ట చుట్టినచో నీరు చల్లబడును. మంచుగడ్డలు వేసి ఒక్కసారిగా చల్లార్చరాదు.

చెరువులో విడువరాదు

పెంచలేని చేపను పుణ్యమని చెరువులోగాని, కాలువలోగాని విడుచుట చాలమందికి కలుగు ఆలోచన. ఉద్దేశము దయయే గాని ఫలితము కీడు. ఆ చేప మెరసెడు రంగుతో లకుముకి పిట్టకును, కొంగకును సులువుగా చిక్కును. ఒకవేళ బ్రతికినచో ఇతర చేపల గ్రుడ్లను తినును. అడుగు మట్టిని కదపి నీటిని కలతపరచును. అంతకన్న ముఖ్యమైనది, దానిని అంటుకొని చేపపేను వంటి పరాన్నజీవులు చెరువులోనికి రావచ్చును. బొచ్చె, శీలావతి పెంచు చెరువులకు చేపపేను ఎంత నష్టము కలిగించునో మత్స్యకారులకు తెలియును. ఒక చేపకు చూపిన దయ, చెరువును నమ్ముకొన్న కుటుంబముల బ్రతుకుదెరువుకు చేటు కారాదు.

ఇది వట్టి శంక కాదు. 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా నేడు లెక్కలేనన్ని చెరువులలో నిండియున్నది. దక్షిణ అమెరికానుండి వచ్చి, గాజు తొట్టెల గోడలమీది పాచిని తినునని ఇండ్లలో పెంచబడిన సక్కర్ చేప, తొట్టెలనుండి బయటపడి ఉభయ తెలుగు రాష్ట్రముల నీటివనరులలో వ్యాపించినది. దాని గట్టి ముండ్లకు వలలు చినుగుచున్నవి. జాలరులు దానిని దెయ్యపు చేప అని పిలుచుచున్నారు.

పెంచలేనివారు చేపను పెంచగలవారికి ఇచ్చుటయే మంచి మార్గము. చనిపోయిన చేపను కాలువలో వేయక మట్టిలో పూడ్చవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

జంతువుల పట్ల క్రూరత్వ నివారణకై 1960లో చేయబడిన చట్టము, మనుష్యుడు తప్ప ప్రాణమున్న ప్రతిదానిని జంతువుగనే ఎంచుచున్నది. చేపయు అందులో చేరినదే. కదలుటకు చాలని పాత్రలో ప్రాణిని బంధించుట ఆ చట్టము ప్రకారము నేరము. ప్రాణులపై కరుణ కలిగియుండుట పౌరుని విధియని మన రాజ్యాంగమున 1976లో చేర్చబడినది. ఇంగ్లండు, వేల్సులలో 2006 నాటి చట్టము పెద్దలు వెంటలేని 16 ఏండ్ల లోపు పిల్లలకు ప్రాణులను బహుమానముగా ఇచ్చుటను నిషేధించినది. మన పంచాయతీలు తిరునాళ్ళ దుకాణములకు స్థలము ఇచ్చునపుడే, బ్రతికియున్న చేపలను ఆటలలో బహుమానముగా ఇయ్యరాదని ఒక షరతు పెట్టుకొన్నచో ఇందు ఖర్చు ఏమియు లేదు. ఆటగానికి నష్టమును లేదు. బొమ్మ పెట్టినను పిల్లలు ఆడుదురు.

పాఠశాలకు ఇదివరకే చేపలు వచ్చియున్నచో, నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతుగల తొట్టిని నీడపట్టున కట్టించవచ్చును. అడుగున్నర మేర నింపినచో అందులో సుమారు 500 లీటర్ల నీరు పట్టును. ఐదారు చేపలకు అది చాలును. క్రొత్త తొట్టిని రెండు మూడు వారములు నీటితో నింపుచు, పారబోయుచు సున్నము పోగొట్టిన తరువాతనే చేపలను దించవలెను. చిన్నపిల్లలు అందులో పడకుండ గట్టి ఇనుప జల్లెడ బిగించుట మరువరాదు. ఈ చేపలు దోమపిల్లలను తినును గనుక ఆ తొట్టి దోమలకు నెలవు కాదు. మార్చి తీసిన నీరు బడితోటలోని మొక్కలకు మంచి ఎరువు. మేత ఎంత వేయవలెనో, నీరు ఎన్నడు మార్చవలెనో పిల్లలచేతనే ఒక పలకమీద వ్రాయించి తొట్టి ప్రక్కన వ్రేలాడదీయించినచో, వంతుకు వచ్చిన ప్రతివారును మేతను అధికముగా వేయు పొరపాటు తప్పును.

మేము చూచిన ఆ పాఠశాలలో బాలిక ఏడ్చుచు, తానేమి చేయలేదని అడిగెనే గాని, ఏమి చేయవలసియుండెనో ఆమెకు చెప్పినవారు ఒక్కరును లేరు. ఇరువది లీటర్ల నీరు, చిటికెడు మేత, ఒక గంట ఓర్పు — ఒక ప్రాణము నిలుచుటకు కావలసినది ఇంతమాత్రమే. వచ్చు తిరునాళ్ళకు ముందు జరుగు పంచాయతీ సమావేశములో సభ్యులు ఈ మాటను ఒకసారి ప్రస్తావింతురుగాక.